అట్ట స్క్రూడ్రైవర్లు

"జిగురంటింది సరే. పసుపు రంగు ఎలా అంటిందో అది చెప్పమంటున్నాను," అంది పెద్దకోడలు. లేచిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్నే తిప్పి తిప్పి అడుగుతోంది.

ఆ వంటగదికంతా ఒకే కత్తెర. పాలపాకెట్లు కొయ్యడానికి అదే, బ్రెడ్డు కవరు చింపడానికి అదే, ఆకుకూర కాడలు తుంచడానికి అదే. ఇప్పుడది నోరు తెరవడం లేదు. రెండు రెక్కల మధ్యా జిగురు గడ్డకట్టి ఉంది. వేళ్ళు పెట్టే చోట పసుపు రంగు మందంగా ఎండిపోయి, గోటితో గీకితే పెచ్చులుగా రాలుతోంది.

"రంగేగా, విషం కాదుగా," అన్నాడు భర్త, టీలో బ్రెడ్డు ముంచుకుంటూ.

"పాలపాకెట్టు కోసే కత్తెరండీ ఇది."

"ఇవాళ్టికి నోటితో కొరికి చింపు. ఏడాదికి ఒక్కరోజు."

"మీకు ఏడాది పొడుగునా ఒక్కరోజులే."

"వేడినీళ్ళలో వేస్తే వదులుతుందిలే అమ్మాయ్," అంది అత్తగారు, మోకాలికి మందు రాసుకుంటూ. "అట్టలు కోసేటప్పుడు నేను చెప్తూనే ఉన్నాను, వేరే కత్తెర తీసుకుందామని."

"మీరు కూడా కోశారా?"

అత్తగారు మందు సీసా మూత తిప్పడంలో మునిగిపోయింది. "ఖాళీగా కూచోలేక ఓ చెయ్యి వేశాను."

"ఏం అట్టలు?"

"అక్కడ చూద్దువుగానీ," అన్నాడు భర్త. లేచి తలుపు వెనక మేకుకి వేలాడుతున్న మఫ్లరు తీసి మెడకి చుట్టుకున్నాడు.

మఫ్లరు కదిలేసరికి వాసన గదంతా తిరిగింది. చలికాలంలో వాళ్ళ జట్టు గెలవడం మొదలుపెట్టిన నాటి నుంచి దానికి ఉతుకు లేదు. ఉతికితే అదృష్టం కొట్టుకుపోతుందని అతని నమ్మకం. చెమట, బీరు, మాడిన నూనె, వర్షంలో తడిసి ఎండిన ఉన్ని, అన్నీ కలిసి అదో ప్రాణమున్న జంతువులా తయారైంది. ఒకసారి దాన్ని సబ్బునీళ్ళలో నానబెట్టబోతే అతను నీళ్ళలో పడ్డ పసిబిడ్డని తీసినట్టు బకెట్టులోంచి తీసుకుని గుండెకి హత్తుకున్నాడు. అప్పట్నుంచి ఆవిడ దాని జోలికి పోలేదు. మొహం తిప్పుకుని వంట చేసుకుంటోంది.

ఆవిణ్ణి ఇంట్లో పెద్దకోడలనే పిలుస్తారు. చిన్నకోడలంటూ ఇంతవరకూ రాలేదు. మరిదికి పెళ్ళి కుదరనే లేదు. అయినా అత్తగారు మొదటి రోజు నుంచీ పెద్దకోడలనే అంది, రాబోయేదానికి ముందే కుర్చీ వేసి ఉంచినట్టు.

భర్త బస్సు డిపోలో మెకానిక్కు. డిపోలో అతని గొంతు ఎవరూ పెద్దగా విని ఉండరు. ఫుట్‌బాల్ మైదానంలో మాత్రం అతని పేరు మైకు. గోలుపోస్టు వెనక మెట్ల మీద నిలబడి అతను ఒక్క చరణం ఎత్తుకుంటే నాలుగు వేల గొంతులు అందుకుంటాయి. పాటలు కట్టేదీ అతనే. వాళ్ళ నాన్న నుంచి వచ్చిన విద్య అది. మామగారి పాటలు ఆవిడ కూడా విన్నది. రిఫరీ కళ్ళజోడు మీద ఒకటి, అవతలి జట్టులో కాళ్ళు వంకరగా ఉండే ఆటగాడి మీద ఒకటి. ఆ వంకరకాళ్ళాయన ఓసారి ఆట ఆపి మరీ నవ్వాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇవాళ్టి ఆటకి కొత్త పాట తయారైంది. అది పరమ రహస్యం. పై డివిజన్‌కి పోవడానికి మిగిలింది ఒక్కటే చోటు, దానికోసం రెండు జట్లు వేరే ఊరి స్టేడియంలో తలపడుతున్నాయి. గెలిచినవాళ్ళు పైకి, ఓడినవాళ్ళు మళ్ళీ ఇదే బురదలో. కొన్నాళ్ళుగా సాయంత్రాలు మగవాళ్ళంతా ఇంటి వెనక షెడ్డులో చేరి తలుపు వేసుకుంటున్నారు. ఆవిడ టీ పట్టుకెళ్తే, బళ్ళో మాస్టారు వచ్చినట్టు ఒక్కసారిగా నోళ్ళు మూసుకునేవాళ్ళు. ఏదో ముచ్చటలే అనుకుంది ఆవిడ.

నిజానికి ఆవిడకి ఈ ఆటకి రావాలని లేదు. అవతలి జట్టు గోల్‌కీపరు ఆవిడకి తెలిసినవాడు.

ఆవిడ పనిచేసేది జ్ఞాపకం చెదిరిన ముసలివాళ్ళుండే ఆశ్రమంలో. పొద్దున్నే లేపి, మొహం కడిగి, తల దువ్వి, నాలుగు మెతుకులు తినిపించే పని. అక్కడ కుట్టు మామ్మ అని ఒకావిడ ఉంది. ఒకప్పుడు టైలరు. ఇప్పటికీ దుప్పటి అంచు చేతికి దొరికితే చాలు, సూది లేకుండానే కుడుతుంది. ఆ మామ్మ కొడుకే గోల్‌కీపరు. తన ఊళ్ళో అయితే అందరి నోళ్ళలో నానుతుందని తల్లిని ఈ ఊళ్ళో ఉంచాడు. ఖాళీ దొరికినప్పుడల్లా టోపీ కిందికి లాక్కుని వెనక గేటు నుంచి వస్తాడు.

తల్లి అతన్ని గుర్తుపట్టదు. స్టవ్వు బాగుచేసే కుర్రాడనుకుంటుంది. "ఇన్నాళ్ళకి వచ్చావా, ఒక బర్నరు అసలు వెలగడమే లేదు," అని తగువుకి దిగుతుంది. మొదట్లో అతను అమ్మా నేను అని చెప్పబోయాడు. ఆమె భయపడి గోల చేసేది. ఆ తర్వాత ఓ రోజు జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకొచ్చాడు. పసుపు పిడి, నల్ల కడ్డీ. కిటికీ పక్కన స్టూలుందే, అదే స్టవ్వు. దాని ముందు కూచుని ఇటు తిప్పి అటు తిప్పి, "ఇప్పుడు చూడండమ్మా," అంటాడు. ఆమె వంగి చూసి, "ఆఁ, వెలిగింది. చేతిలో పనితనముంది నీకు. తిని వెళ్ళు," అంటుంది. తన పళ్ళెంలోది అతనికి పెడుతుంది. అతను తింటాడు. అది తినడానికే వస్తాడు.

ఉద్యోగంలో చేరిన రోజున పెద్ద నర్సు చెప్పిన మొదటి మాట: ఇక్కడ చూసింది, విన్నది ఏప్రన్‌తో పాటు ఇక్కడే విప్పేసి వెళ్ళాలి. ఆవిడ అన్నేళ్ళూ అలాగే విప్పేసి వచ్చింది. కానీ ఆ స్క్రూడ్రైవరు సంగతి చూసిన రోజు మనసు నిండిపోయి, భోజనాల దగ్గర చెప్పేసింది. చెంచా ఇటూ అటూ తిప్పి చూపించింది కూడా. కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. మరిది, "పాపం వదినా," అన్నాడు. భర్త మాత్రం చెంచా పళ్ళెంలో దించి, గోడకేసి చూస్తూ అలా ఉండిపోయాడు.

డిపో గ్రీజులో, మైదానం అరుపుల్లో ఎక్కడో ఈ మనిషి కూడా ఉన్నాడన్నమాట అనుకుంది ఆవిడ. ఆ పూట అతనికి ఇంకో గరిటె ఎక్కువ వడ్డించింది.

మొన్న గోల్‌కీపరు వెళ్తూ గేటు దగ్గర ఆగి, "ఆంటీ, ఆట రోజు హాల్లో టీవీ పెట్టకండి. జనం అరుస్తారు కదా, అరుపులంటే అమ్మకి పడదు," అన్నాడు. "నేను చూసుకుంటాను బాబూ," అంది ఆవిడ. తను సెలవు పెట్టింది కాబట్టి చిన్న ఆయాకి చెప్పి వచ్చింది. మీ జట్టు గెలవాలనీ అనలేక, మా జట్టు గెలవాలనీ అనలేక, "దెబ్బలు తగలకుండా ఆడు," అంది. అతను నవ్వాడు.

"అమ్మా, రా. బాబాయ్ హారను కొడుతున్నాడు," అంది కూతురు. కూతురు రమ్మని బతిమాలితేనే ఆవిడ బయల్దేరింది.

*

మరిది సరుకులు చేరవేసే వ్యాను నడుపుతాడు. ముందు సీట్లో అన్నదమ్ములు, మధ్య సీట్లో ఆడవాళ్ళు ముగ్గురు, వెనక మూటలు. మూటల మీద దుప్పటి కప్పి ఉంది.

"ఏముందయ్యా వెనక?" అంది ఆవిడ.

"పెళ్ళికూతుర్ని ఎత్తుకెళ్తున్నాను వదినా. నువ్వెలాగూ సంబంధం చూడవుగా," అన్నాడు మరిది.

"ఎత్తుకెళ్ళినా ఈ వాసనకి దిగి పారిపోతుంది."

"అన్నయ్య మెడలోనే ఉందిగా ఆ వాసన. అయినా నువ్వు పారిపోలేదుగా."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

స్టేడియం కనబడకముందే దాని వాసన తగిలింది. దూరంగా ఓ ఖాళీ స్థలంలో వ్యాను ఆపించారు. అక్కణ్ణుంచి నడక. వీధి పొడుగునా దుకాణాలు షట్టర్లు దించేసుకున్నాయి. ఆ షట్టర్ల మీదికే మగవాళ్ళు వరసగా నిలబడి పోస్తున్నారు. మొహాలు వెనక్కి తిప్పి పక్కవాడితో కబుర్లాడుతూ, ఇంట్లో కుళాయి దగ్గర నిలబడ్డంత తీరిగ్గా. ఆ ధారలు కాలిబాట దాటి రోడ్డు మీదికి పారుతున్నాయి. జనం వాటి మీదే నడుస్తున్నారు. ఒకడు కుండీలో మొక్క మీదికి వంగి కక్కుకుంటుంటే, స్నేహితుడు వీపు నిమురుతూ పాట మాత్రం ఆపలేదు. నలిగిన డబ్బాలు, సగం కొరికిన బన్నులు, వాటిలోంచి కారిన ఎర్రటి సాసు, దాన్ని తొక్కి ముందుకుపోయిన బూట్ల గుర్తులు.

ఓ ఇంటి ముందు నడివయసు ఆడమనిషి బకెట్టుతో నీళ్ళు తెచ్చి గుమ్మం కడుగుతోంది. ఆవిడ కడిగి లోపలికి తిరిగిందో లేదో, పద్దెనిమిదేళ్ళ కుర్రాడొకడు వచ్చి అదే గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆ మనిషి వాణ్ణి చూడలేదు. పెద్దకోడలి మెడకి కూతురు చుట్టిన జట్టు మఫ్లరు రంగు చూసింది. నువ్వూ వీళ్ళ మనిషివే కదా అన్నట్టు చూసి, తలుపు వేసుకుంది.

పెద్దకోడలు మఫ్లరు తీసి సంచీలో కుక్కుకుంది.

"ఏంటమ్మా, అప్పుడే?" అంది కూతురు.

"ఉక్కగా ఉంది."

భర్తకి ఇవేవీ పట్టలేదు. నాలుగడుగులకోసారి ఎవడో ఒకడు, "మైకన్నా," అని వచ్చి మీద పడుతున్నాడు. చెమటతో ముద్దయిన ఒళ్ళు, కావలించుకోవడాలు. ఒకడు అతని చెంప మీద ముద్దు కూడా పెట్టాడు. అతను కొడుకు పెళ్ళిలో తండ్రిలా అందర్నీ పలకరిస్తున్నాడు. అత్తగారు కుంటుతూనే గర్వంగా నడుస్తోంది. "వాళ్ళ నాన్న కూడా ఇలాగే. నడవనిచ్చేవాళ్ళు కాదు," అంది.

గేటుకి కాస్త ఇవతల, ఆటగాళ్ళ బస్సులు లోపలికి మళ్ళే చోట, జనం ఇనపకంచెకి ఆనుకుని కిక్కిరిసి ఉన్నారు. మరిది వీపున మోసుకొచ్చిన మూటలు దించి విప్పాడు. చేతులు వాటి మీద పడ్డాయి. పసుపుగా ఏవో గాల్లోకి లేచాయి. పెద్దకోడలు ముందు జెండాలనుకుంది. ఓ లావుపాటి మనిషి వచ్చి ఆవిడ చేతిలో ఒకటి పెట్టాడు.

"మైకు పెళ్ళాం చేతిలో లేకపోతే ఎలా వదినా," అన్నాడు. నోట్లోంచి పుల్లటి వాసన.

అట్టముక్క. మూరెడు పొడుగు. పిడి పసుపు, కడ్డీ నలుపు. కొస చదునుగా, పక్కలు నున్నగా, ఎంతో శ్రద్ధగా కోశారు. ఎవరి చేతులు కోశాయో, ఏ కత్తెర కోసిందో ఆవిడకి తెలుసు. ఇదేంటో కూడా తెలుసు. కానీ ఆ తెలిసింది బుర్రలోకి దిగడానికి కాసేపు పట్టింది.

అప్పుడే బస్సు వచ్చింది. అవతలి జట్టుది. జనం మధ్య నత్తలా పాకుతోంది. భర్త ఇనపకంచె మీదికి ఎక్కాడు. ఒక చేత్తో స్తంభం పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి గొంతు విప్పాడు.

"రిపేరయ్యా, రిపేరయ్యా, స్టవ్వు వెలగదయ్యా..."

వేల గొంతులు అందుకున్నాయి.

"కన్నతల్లే అడుగుతోంది, నువ్వెవరబ్బాయివయ్యా?"

అట్టముక్కలన్నీ ఒక్కసారిగా గాల్లో ఇటు తిరిగాయి, అటు తిరిగాయి. స్టూలు ముందు కూచుని ఆ అబ్బాయి తిప్పే తిప్పుడే అది. తనే కదా చేసి చూపించింది, భోజనాల బల్ల దగ్గర, చెంచాతో. పాట మళ్ళీ మొదలైంది. మంచి పాట. ఒక్కసారి వింటే నోటికొచ్చే పాట. తండ్రి భుజాల మీద కూచున్న పసిపిల్ల కూడా పాడుతోంది, ముద్దుముద్దుగా, కన్నతల్లే అనలేక కన్నతయ్యే అంటూ.

గోల్‌కీపరు కిటికీ పక్కనే కూచున్నాడు. చెవుల్లో ఏవో పెట్టుకుని ముందు సీటుకేసి చూస్తున్నాడు. ఎవడో అట్టముక్కతో అద్దం మీద టకటకమని కొట్టాడు. అతను తల తిప్పాడు. ముందు ఆ అట్టని చూశాడు. తర్వాత దాని వెనక గాల్లో తిరుగుతున్న వందల అట్టల్ని చూశాడు. చెవుల్లోవి తీసేశాడు. పాట విన్నాడు. అతని చూపు ఒక్కో మొహాన్నీ దాటుకుంటూ వచ్చి పెద్దకోడలి దగ్గర ఆగింది.

ఆవిడ చేతిలో స్క్రూడ్రైవరుంది.

అతని మొహంలో కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. మామ్మకి తను ముద్ద పెట్టబోతే ఒక్కోసారి పెదాలు బిగించి మొహం తిప్పుకుంటుందే, అచ్చం అలా తిప్పుకున్నాడు. బస్సు లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దకోడలు అట్టముక్కని కింద పడెయ్యబోయి, కింద పారుతున్నది చూసి, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.

*

"పాటలో పేరు పెట్టానా? ఆశ్రమం పేరు పెట్టానా?" అన్నాడు భర్త. కంచె దిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "మీ అమ్మకి నువ్వు గుర్తులేవు అన్నాం. ఎవడికైనా సరిపోతుంది."

"స్క్రూడ్రైవరు ఎవరికి సరిపోతుందండీ?"

"పోయినసారి వాళ్ళు మన కెప్టెన్ పెళ్ళాం మీద ఏం పాడారో నీకు తెలీదు. నోటితో చెప్పలేను. ఆటంటే అంతే. లోపల పాడతాం, బయటికొచ్చి మర్చిపోతాం."

"అది నేను మన బల్ల దగ్గర చెప్పిన మాట."

"అదేగా. నువ్వు చెప్పకపోతే నాకెలా తెలుస్తుంది?" అన్నాడు అతను. ఆవిడ భుజం మీద చెయ్యి వేసి మెచ్చుకోలుగా తట్టాడు. "సగం పాట నీదే."

అతని మఫ్లరు ఆవిడ మొహానికి ఆనుకుంది. ఆవిడ అతని చెయ్యి భుజం మీంచి దించేసింది.  ఆ రోజు చెంచా దించి గోడకేసి చూసింది బాధపడి కాదు. తాళం కుదుర్చుకుంటున్నాడు. ఆవిడ చెంచా తిప్పి చూపిస్తుంటే అతను ఏ మాటకి ఏ మాట కలుస్తుందో చూసుకుంటున్నాడు. పైగా ఆ గరిటె ఎక్కువ వడ్డన కూడా తిన్నాడు.

"నీకు తెలుసా?" అని కూతుర్ని అడిగింది.

కూతురు అట్ట కొస గోటితో గీరింది. "నువ్వు ఒప్పుకోవని నాన్న చెప్పొద్దన్నాడు. రంగు నేనే వేశాను."

"ఆ రోజు నీ కళ్ళలో నీళ్ళొచ్చాయిగా."

"వచ్చాయి," అంది కూతురు. "అది వేరు."

"అమ్మాయ్, ఇక్కడ వద్దు, అందరూ చూస్తున్నారు," అంది అత్తగారు. "ఆ పిల్లాడికేం, లక్షలొస్తాయి. వాడు ఇవన్నీ విని విని రాయైపోయుంటాడు."

"వదినా, ఆట మొదలవుతుంది. తిట్టేవన్నీ ఇంటికెళ్ళాక తిట్టు, నేను కూడా సాయం వస్తాను," అన్నాడు మరిది.

పెద్దకోడలు మరిది ముందు చెయ్యి చాపింది. "వ్యాను తాళం ఇవ్వు."

"రావా?"

"రాను."

భర్త ఒక్క క్షణం ఆవిణ్ణి చూశాడు. వెనక నుంచి ఎవరో, "మైకన్నా," అని పిలిచారు. అతను వెళ్ళాడు. అతని వెనకే తక్కిన వాళ్ళూ వెళ్ళారు. కూతురు రెండుసార్లు వెనక్కి తిరిగింది, కానీ వెళ్ళింది.

*

వ్యానులో కూచుని తలుపులు వేసుకుని ఆవిడ ఆశ్రమానికి ఫోను చేసింది. చిన్న ఆయా ఎత్తింది. వెనక టీవీ మోగుతోంది.

"హాల్లో టీవీ పెట్టొద్దన్నాను కదే."

"నేను వద్దన్నానక్కా. ఆ మేజరు తాతయ్య ఊరుకుంటాడా? రిమోటు లాక్కుని కూచున్నాడు. మీ వాళ్ళేగా ఆడేది, కనబడతావేమోనని మేం కూడా చూస్తున్నాం."

"మామ్మ ఎక్కడుంది?"

"ఇక్కడే. అరుపులకి భయపడుతుందన్నావు కానీ అక్కా, ఇవాళ మహా హుషారుగా ఉంది. అదేదో పాట వస్తోంది చూడు, స్టవ్వు పాట. దానికి చెంచాతో తాళం వేస్తోంది."

పెద్దకోడలు ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"పాపం వాళ్ళందరికీ స్టవ్వులు పాడైనట్టున్నాయి, తన స్టవ్వు కుర్రాణ్ణి పంపమంటోంది," అని నవ్వింది చిన్న ఆయా. "బాగా చేస్తాడట, మర్యాదస్తుడట. పెట్టింది వంక పెట్టకుండా తింటాడట. అక్కా, ఉన్నావా?"

"ఆవిణ్ణి గదిలోకి తీసుకెళ్ళు. దుప్పటి అంచు చేతికివ్వు. నేను వచ్చేదాకా కుడుతూ కూచుంటుంది."

ఫోను పెట్టేసి ఆవిడ అద్దం దించింది. వ్యానులో ఉక్కపోతగా ఉంది. దించగానే పాట లోపలికొచ్చింది. ఎత్తితే ఊపిరాడదు, దించితే పాట. ఆవిడ కాసేపు ఎత్తింది, కాసేపు దించింది. ఆట జరుగుతుంటేనే ఒకరిద్దరు బయటికొచ్చి వ్యాను చక్రం పక్కన పోసుకుని వెళ్ళారు. అందులో ఒకడు లోపల ఆడమనిషిని చూసి, "సారీ ఆంటీ," అన్నాడు గానీ ఆపలేదు.

తన వాళ్ళని తిట్టుకుందామని కూచుంది ఆవిడ. తిట్టుకుంది కూడా. కానీ ఎంత తిట్టుకున్నా చివరికి ఆ బల్ల దగ్గరికే వచ్చి ఆగుతోంది. చెప్పింది తను. ఎందుకు చెప్పింది? అందరూ చెయ్యి ఆపి తననే చూడాలని కాదూ? ఎప్పుడూ మైదానం కబుర్లే వినిపించే బల్ల దగ్గర ఆ ఒక్కపూటా తన మాట నడిచింది. అందరి కళ్ళలో నీళ్ళు తెప్పించానని లోపల ఏ మూలో సంతోషపడింది. ఆ సంతోషం గుర్తొస్తే ఇప్పుడు తన ఒళ్ళు కూడా ఆ మఫ్లరులాగే కంపు కొడుతున్నట్టుంది.

స్టేడియం కప్పు ఎగిరిపోయినట్టు అరుపు వినబడింది. తర్వాత చాలాసేపు ఆగలేదు. ఎవరు గెలిచారో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

*

గెలిచిన జనం ఓడిన జనం కన్నా అసహ్యంగా ఉంటారని ఆ సాయంత్రం తెలిసింది. వ్యాను అంగుళం కదిలితే ఆగిపోతోంది. అటూ ఇటూ మనుషులు ఈదుతున్నట్టు పోతున్నారు. ఒకడు ముందు అద్దం మీద బీరు కుమ్మరించి, మరిదికి దండం పెట్టి వెళ్ళాడు. ఎవరెవరో అట్టముక్కలతో వ్యాను కప్పు మీద దరువు వేస్తున్నారు. పాట ఇంకా నడుస్తూనే ఉంది.

"నా పాటే వేసిందిరా ఆ గోలు," అన్నాడు భర్త. గొంతు పూర్తిగా పోయింది, గాలే వస్తోంది. "చూశావా, ఆఖర్లో వాడి కాళ్ళు కదల్లేదు."

"అది ఎవడికీ అందే బంతి కాదన్నయ్యా. మన వాడు కొట్టింది అలా కొట్టాడు," అన్నాడు మరిది.

"పాటే," అన్నాడు భర్త.

అత్తగారు కిటికీలోంచి చూస్తోంది. ఆవిడ చేతిలో అట్టముక్క లేదు. "రెండో సగమంతా ఆ పిల్లాడు మనవైపు గోలు దగ్గరే నిలబడ్డాడు," అంది ఉన్నట్టుండి. "ఆటగాళ్ళు అప్పుడప్పుడు మనకేసి తిరిగి చూస్తారు కదా. తిట్టడానికో, నవ్వడానికో. వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. మీ నాన్న పాడితే వాళ్ళు..." అని ఆపేసింది.

"మా నాన్న పాడితే ఏంటి?"

"ఏం లేదులే. మోకాలు లాగేస్తోంది."

 కప్పు మీద దరువు ఆగలేదు. అత్తగారి కాళ్ళ దగ్గర సంచీలో వంటగది కత్తెర కనబడింది. అక్కడ ఏమైనా అట్టలు సరిచేయాల్సొస్తే పనికొస్తుందని తెచ్చినట్టున్నారు. జిగురు వదిలించి, రెక్కలు విడదీసి మరీ తెచ్చారు. పొద్దున్న తనకి కావలసినప్పుడు వదలని జిగురు, వాళ్ళకి కావలసినప్పుడు వదిలింది. పెద్దకోడలు దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. పసుపు పెచ్చుల్ని గోటితో ఒక్కొక్కటే గీకడం మొదలుపెట్టింది.

"ఇంకా అలకేనా?" అన్నాడు భర్త, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి. "ఇలాంటి రోజు మన జన్మలో మళ్ళీ రాదు. ఏదో ఒకటి మంచి మాట అనవే."

"అమ్మా, ప్లీజ్," అంది కూతురు.

పెద్దకోడలు గీకడం ఆపలేదు. గొంతు పెంచలేదు. దరువు మధ్య ఆ మాటలు వినడానికి మరిది స్టీరింగు మీద చెయ్యి ఆనించి వెనక్కి వంగాల్సొచ్చింది.

"రేపు పొద్దున్న డ్యూటీకి కాస్త ముందే వెళ్తాను. పెద్ద నర్సుకి చెప్తాను, మాట బయటికి మోసింది నేను, పాట కట్టింది మా ఆయన, అట్టలు కోసింది, రంగులేసింది మా ఇంట్లో వాళ్ళు అని. ఆ అబ్బాయి వస్తే అతనికీ ఇదే చెప్తాను, వస్తే. ఉద్యోగంలో ఉంచితే అక్కడ ఆయాల గది ఒకటి ఖాళీగా ఉంది, ఇక దాంట్లో ఉంటాను. తీసేస్తే మా అక్క ఇంట్లో ఉంటాను. అత్తయ్యా, మీ మోకాలి మందు అలమర పై అరలో ఇంకో సీసా ఉంది. అమ్మాయ్, నువ్వు ఎప్పుడు రావాలనుకుంటే అప్పుడు నా దగ్గరికి రా, కానీ నేనే నీ దగ్గరికి ఆ ఇంటికి రాను. ఆ బల్ల ముందు కూచుని నేనిక అన్నం తినలేను. ఈ కత్తెర నాతో తీసుకెళ్తున్నాను. పాలపాకెట్లకి మీరు ఇంకోటి కొనుక్కోండి."